మోడం

సోమవారం నుంచి ఆకాశం ఒక్క మాట మీద నిలబడడం లేదు.
పొద్దున ఎండ. పదింటికల్లా మోడం.
మధ్యాహ్నం ఎవరో పైన పిండి జల్లిస్తున్నట్టు తుప్పర.
సాయంత్రానికి ఏమీ ఎరగనట్టు
గుంజూరు కొబ్బరిచెట్ల వెనక ఒక ఎర్ర గీత.

మూడో అంతస్తు సెంట్రింగ్ అయిపోయి నాలుగు రోజులు.
ఇనుము కట్టేశారు.
బైండింగ్ వైరు గీరుకున్న చోట
కుళ్లాయప్ప సున్నం రాసుకుని కూర్చున్నాడు.
ఇక పోయడమే మిగిలింది.
పోయడమా, ఆగడమా అన్నదే మిగిలింది.

కీర్తన్ సారు ఫోన్ చూపిస్తాడు.
గురువారం కింద ఒక మబ్బు బొమ్మ, దానికి మూడు చుక్కలు.
శుక్రవారం అదే మబ్బు, చుక్కలు రెండు.
శనివారం మబ్బు చాటున సగం సూర్యుడు,
ఒంటికి పోయి మధ్యలో దొరికిపోయిన పిల్లోడి మాదిరి.
"మళె బరుత్తా, మేస్త్రీ?"

గంగులప్ప మామ ఫోన్ వంక చూడడు.
వేలు తడిపి గాలికి పెడతాడు.
ఇసుక కుప్ప మీద కుక్క
తోకలోకి ముట్టె దూర్చుకున్న తీరు చూస్తాడు.
ఇంతా చూసి
ఆ ఫోన్ చెప్పిందే చెప్తాడు:
"రావొచ్చు. రాకపోవచ్చు."

బంగాళాఖాతంలో ఎక్కడో సుడి తిరుగుతోందంట.
చెన్నై మీదికి పోతుందో, నెల్లూరు మీదికి మళ్లుతుందో,
నీళ్లల్లోనే అలిసి పడుకుంటుందో
దానికే తెలీదంట.
ఇంత దూరానికి
దాని తడి కొంగు మాత్రం వచ్చి మొహానికి తగుల్తోంది.

ఓనరమ్మ స్వెట్టర్ మీద రెయిన్‌కోటు వేసుకుని వస్తుంది.
ధనుర్మాసం రాకముందే స్లాబు పడాలి.
ఆమె పంచాంగంలో గురువారం మంచిది,
సారు ఫోన్‌లో శనివారం మంచిది,
మా అంగడి శెట్టి ఖాతాలో ఏ వారమూ మంచిది కాదు.
స్లాబు రోజైతే ఒకటిన్నర కూలి, రాత్రికి బిర్యానీ పొట్లం.
ఆగిన రోజు ఏమీ లేదు.
ఆ లెక్కకు కాగితం అక్కర్లేదు,
ఒక చెయ్యి చాలు.

ఉన్న పట్టలన్నీ సిమెంటు మూటలకే కప్పినాం.
మూట తడిస్తే రాయైపోతుంది,
మనిషి తడిస్తే ఆరుతాడు కదా.
మాకు మిగిలింది ఒక్క పట్ట.
చిల్లు ఎటుందో చీకట్లో తడిమి చూసి
అటు నేను పడుకున్నా, ఇటు బిడ్డ.
ఈ ఊరి చలి కొరకదు,
నానబెడుతుంది.

అప్పుడే తమ్ముడి ఫోన్, వజ్రకరూరు నుంచి.
"అక్కా, మీ దిక్కు మోడముందా?
శనగ పూత మీదుంది. ఒక్క పదును చాలు.
ఇటు తోలక్కా కొంచెం!"
నవ్వినాడు. నేనూ నవ్వి, తోలుతాలే అన్నా.
పొద్దున ఎల్లమ్మకు దండం పెట్టి
వద్దు తల్లీ, వద్దు అన్న నోరే ఇది.
ఆమె ఏది వింటుంది?

మామ అంటాడు,
పోసిన ఆరు గంటల్లోపల వాన పడితే
సిమెంటు పాలన్నీ కారిపోయి కంకర పళ్లు ఇకిలిస్తుందంట.
ఆరు గంటలు దాటినాక పడితే
అదే క్యూరింగు, పైపు పట్టే పని తప్పుతుందంట.
నీళ్లు అవే.
ఆరు గంటల తేడా.

నాలుగింటికి లేపుతా అన్నాడు,
పదండి అనడానికో, పడుకోండి అనడానికో.
మిక్సరు మూతికి గోనె కట్టి ఉంది.
పైన ఒక చుక్క కనిపించింది, మళ్లీ లేదు.

నీళ్లు పట్టకుండా నా తట్ట బోర్లించి పెట్టినా.
నిద్ర రాలేదు.
లేచి పోయి
దాన్ని వెల్లకిలా తిప్పి ఆరుబయట పెట్టి వచ్చినా.
తెల్లారి అందులో ఏముందో
మామ కన్నా ముందు
నేను చూడాల.